పక్కన నిలబడ్డవాడు

…కాటాలో మోసం ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే ఉంటే గింటే అది బెల్లం అమ్ముకోవడానికి వచ్చిన రైతుకి ఉండాలి గాని ఊరికే ఎక్కి కూర్చున్న కోర్టు గుమాస్తాకి ఎందుకుంటుంది, పైగా గొలుసులు కొత్తవి, దూలం సమంగా ఉంది, గాలి కూడా లేదు. అంటే తప్పు ఆ ఇనప రాళ్లలో లేదు, తనలోనే ఎక్కడో ఉంది. రామచంద్రమూర్తి తక్కెడ పళ్లెంలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన బరువుని తాను ఎదురుగా చూస్తున్నాడు.

ఎదటి పళ్లెంలో రాళ్లు చాలక బంగార్రాజు బెల్లం దిమ్మలు పేర్చాడు. పొద్దుటే బళ్లమీద దిగిన కొత్త బెల్లం, ఇంకా తడి ఆరలేదు. ఈగలు ముసురుతున్నాయి. చోడవరం చుట్టూ ఆ నెలల్లో గాలే తియ్యగా ఉంటుంది. ఏ తోటలో చూసినా పెనం మీద చెరకుపాలు ఉడుకుతూ ఉంటాయి. నాలుగు నెలలుగా తీపి నాలిక మీద పెట్టని మనిషికి ఆ గాలి పీల్చడం కూడా దొంగతనంలాగే ఉంది.

“ఏటండి పంతులుగోరూ, అలా ఊపిరి బిగబడతన్నారు? బిగబడితే బరువు తగ్గదండి,” అన్నాడు బంగార్రాజు. బెల్లం మండీలో కాటా పట్టేది అతనే.

“ఎంతొచ్చింది?”

“పోయిన్నెల ఎంతో ఇప్పుడూ అంతే. కాదులెండి, అబద్దవెందుకు, ఓ వీశెడు ఎక్కువే సూపిస్తంది.”

“నేను అన్నం మానేసి నాలుగు నెల్లయిందయ్యా.”

“మానేసినోరు ఇలాగుంటే, తినీవోల్లం మేవెలాగుండాలండీ?” దిమ్మలకు తాటాకు చుడుతున్న సన్యాసమ్మ తలెత్తి, తన ఎండు చేతులు చాపి చూపించింది. “ఆ మానీడవేదో మాకూ సెప్పండి బాబూ, మానేసి కాసింత ఒల్లు సేత్తాం.”

“అదికాదే,” అన్నాడు బంగార్రాజు. “పంతులుగోరి లోపల ఇంకో పెద్దమనిషెవరో కూకున్నారు. ఆయన్ని దిగిపొమ్మంటే సరి.”

మండీలో అందరూ నవ్వారు. రామచంద్రమూర్తి కూడా నవ్వాడు. నవ్వుతూనే కాలు కింద పెట్టి పళ్లెంలోంచి దిగాడు. దిగితే ఏమవాలి? పళ్లెం చటుక్కున పైకి లేవాలి, ఎదటి పళ్లెం దడాలున నేలకి తగలాలి. కాని అది లేవలేదు. ఒక్క లిప్తకాలం, కళ్లు మూసి తెరిచేంతసేపు, ఖాళీ పళ్లెం ఉన్నచోటే ఉండిపోయింది. తరవాత నెమ్మదిగా, అయిష్టంగా, బరువైన మనిషెవరో మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచినట్టు పైకి లేచింది.

బంగార్రాజు అప్పటికే అవతలి దిమ్మలు దింపుతున్నాడు. సన్యాసమ్మ తాటాకు ముడి వేస్తోంది. గొలుసు మెలిపడి ఉంటుంది, అనుకున్నాడు రామచంద్రమూర్తి. కొత్త గొలుసులు అలా మెలిపడతాయి.

మునసబు కోర్టు మెట్లెక్కుతుంటే గుండె మీద ఎవరో మోకాలు మోపినట్టనిపించడం శ్రావణమాసంలో మొదలైంది. మొదట పైమెట్టు దగ్గర, తరవాత నడిమెట్టు దగ్గర, ఆఖరికి కింద నిలబడి మెట్లను చూసినా సరే. బస్సెక్కి విశాఖపట్నం వెళ్లాడు. దొరల సీమలో చదివొచ్చిన కుర్ర డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఆ వినడంలో, తలుపు అవతల మాటలు పొంచి వింటున్నవాడి ముఖం ఉంది.

“మీ గుండె ఈ ఒంటిని ఇంక మొయ్యలేనంటోంది. ఒళ్లు తగ్గకపోతే రెండో దీపావళి మాట నేను చెప్పలేను,” అన్నాడు. “గుడ్లు, మాంసం…”

“రామ రామ.”

“సరే. వెన్న తినండి, పెరుగు తినండి, ఆకుకూరలు, కాయగూరలు కడుపునిండా తినండి. అన్నం, బెల్లం, పంచదార, దుంపలు, అరటిపళ్లు మాత్రం మీకు లేవు.”

“నెయ్యి తినొచ్చును గాని అన్నం కూడదా?” రామచంద్రమూర్తి నమ్మలేకపోయాడు.

“మనిషికి ఒళ్లెక్కేది అన్నంతోనండీ, నేతితో కాదు. ఇప్పుడిప్పుడే తెలుస్తోంది ఈ సంగతి. చేసి చూడండి.”

చేశాడు. అతని భార్య లక్ష్మీసుందరి విస్తట్లో బీరకాయ కూర ఒక పక్క, తోటకూర ఒక పక్క, గడ్డపెరుగు ఒక పక్క పెట్టి, మధ్యలో ఖాళీ వదిలేది. ఎందుకు వదులుతోందో ఆవిడకీ తెలీదు. చెయ్యి అలవాటు. ఆ ఆకుపచ్చటి ఖాళీని చూస్తూ అతడు కూరలు ఉత్తినే నమిలి మింగేవాడు. ఆవిడ తన మటుకు చిన్న గిన్నెతో బియ్యం వండుకుని, అతడు కచేరీకి వెళ్లాక, తప్పు చేస్తున్నదానిలా గోడవైపు తిరిగి తినేది. అయినా ఇంట్లో అడుగు పెట్టగానే అతనికి వాసన తెలిసేది. గంజి వాసన. నలభై అయిదేళ్లుగా ఉందని కూడా తెలియని వాసన, ఇప్పుడు ఇంట్లో మరో మనిషిలాగ తిరుగుతోంది.

ఇంత చేసినా ఒళ్లు తగ్గలేదు. విచిత్రమేమిటంటే ముఖం తగ్గింది. చెంపలు లోపలికి పోయాయి, కంటి కింద ఎముక తేలింది. గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుంటే, తనకంటె పెద్దవాడైన మరొకడి ముఖాన్ని తన పాత ఒంటికి అతికించినట్టుంది. రెండోసారి పట్నం వెళ్లినప్పుడు డాక్టరు ఆ ముఖాన్నీ ఆ పొట్టనీ మార్చి మార్చి చూశాడు.

“నిజం చెప్పండి. అన్నం పూర్తిగా మానేశారా?”

“మెతుకు ముట్టలేదు,” అన్నాడు రామచంద్రమూర్తి.

అది అతడు అబద్ధమనుకుని అన్న మాట కాదు. ఒట్టు పెట్టమన్నా పెట్టేవాడు. ఎందుకంటే తద్దినాల్లో తిన్నది అతడెప్పుడూ తను తిన్నట్టు అనుకోలేదు.

అతడు భోక్త. చనిపోయినవారికి కొడుకులు తద్దినం పెట్టినప్పుడు, ఆ పెద్దల స్థానంలో పీట మీద కూర్చుని, వాళ్ల బదులు భోంచేసే బ్రాహ్మణుడు. అతని తండ్రి బతికున్నన్నాళ్లూ చోడవరం, వడ్డాది, బుచ్చయ్యపేట చుట్టుపక్కల ఏ ఇంటి పితరులకైనా ఆయనే నోరు. ఆయన పోయాక, ఆ పీట మీద కూర్చోగల వాళ్లంతా ఒకళ్ల తరవాత ఒకళ్లు పట్నం ఉద్యోగాలకు వెళ్లిపోయాక, కొడుకుని పిలవడం మొదలుపెట్టారు. జీతం ఉన్నవాడు, దక్షిణకోసం వెళ్లక్కర్లేదు. కాని పిలిస్తే కాదనకూడదు. కాదంటే ఆ ఇంటి పెద్దలు గుమ్మంలోంచి ఆకలితో తిరిగి వెళతారు. మునసబుగారు కూడా ఆ రోజుల్లో అతని ఆలస్యం చూసీ చూడనట్టుండేవారు. వారి తండ్రిగారు కూడా ఏటా రామచంద్రమూర్తి నోటితోనే తింటారు మరి.

చిన్నప్పుడు ఒకసారి తండ్రి వెంట వడ్డాది వెళ్లాడు. తండ్రి తిన్నంత అన్నం అతడెక్కడా చూడలేదు. తిరిగి వస్తుంటే చెరకుతోటల మధ్య గట్టుమీద అడిగాడు.

“నాన్నా, అంత తింటే కడుపు నొప్పెట్టదా?”

“నేను తినలేదు గదరా. తిన్నది ఆ ఇంటి పెద్దాయన.”

“మరి నువ్వో?”

“నేను పక్కకి లేచి నిలబడతాను. ఆయన తిని వెళ్లేక మళ్లీ వచ్చి కూర్చుంటాను.”

“ఎక్కడ నిలబడతావు?”

తండ్రి నడుస్తూ నడుస్తూ ఆగాడు. ఆ సంగతి ఆయన్ని అంతవరకు ఎవరూ అడిగి ఉండరు. “స్తంభం పక్కన,” అన్నాడు కాసేపటికి. మళ్లీ నడిచాడు.

ఆ తరవాత తండ్రి వెంట ఎక్కడికి వెళ్లినా పిల్లవాడు విస్తరి ముందు కూర్చున్న మనిషిని చూడ్డం మానేశాడు. స్తంభం పక్కకే చూసేవాడు. ఒక్కొక్కసారి అక్కడ ఏదో ఉందనిపించేది. పీట మీద తింటున్నది మాత్రం ఎవరో తనకు తెలియని మనిషి, తన తండ్రి ఒంట్లో కూర్చుని.

తనే పీట ఎక్కాక తెలిసింది అది ఎంత సులువో. మొదటి ముద్దలో నెయ్యి నాలిక్కి తగిలేసరికి మంత్రాలు దూరమయ్యేవి, చెవుల్లో దూది పెట్టినట్టు. ఎవరో మెల్లగా భుజం తట్టి కొంచెం జరగమన్నట్టుండేది. జరిగేవాడు. స్తంభం చల్లగా వీపుకి తగిలేది. అక్కణ్నుంచి చూస్తే లావుపాటి మనిషొకడు వంగి తింటూ కనిపించేవాడు. మెడమీద మడత, వీపున జంధ్యం. అతనికి భయం లేదు సరిగదా, అంత శాంతి మరెక్కడా దొరికేది కాదు. భోజనం అయ్యేక వెళ్లి మళ్లీ తన ఒంట్లో కూర్చునేవాడు. ఒళ్లు వెచ్చగా, నిండుగా ఉండేది. ఎవరో ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కాలాగ.

అన్నం మానేసినప్పటినుంచి మాత్రం తిరిగి రావడం కష్టమైంది. భోజనం అయిపోయేది, తాంబూలాలు ఇచ్చేవారు, ఆ లావుపాటి మనిషి ఇంకా లేచేవాడు కాదు. రామచంద్రమూర్తి స్తంభం పక్కన నిలబడి, బస్సులో సీటుకోసం చూసేవాడిలాగ, అతడెప్పుడు దిగుతాడా అని చూడవలసి వచ్చేది.

మండీనుంచి ఇంటికొచ్చిన ఆ పూట లక్ష్మీసుందరి వంకాయ కూర వడ్డించి, ఎదురుగా గడప మీద కూర్చుంది. అతడు ఏదో ఆలోచిస్తూ విస్తట్లో చెయ్యి పెట్టాడు. కాసేపటికి ఆవిడ అంది:

“అదేవిటండీ?”

“ఏది?”

“ఆ చేసేదేవిటీ అని.”

చూసుకున్నాడు. కూరని కుప్పగా చేశాడు. కుప్ప మధ్య బొటనవేలితో గుంట చేశాడు. గుంటలో వెన్న ముద్ద పెట్టి, నాలుగు వైపులనుంచీ కూర లాగి, పైన ఏమీ కనపడకుండా కప్పెట్టాడు. ఇప్పుడు వేళ్లు ఆ కుప్పని పైనుంచి నెమ్మదిగా అదుముతున్నాయి, ఏదో పూడ్చిన చోట మట్టిని అదిమినట్టు.

“మీరెప్పుడూ ఇలా తినలేదు. నెల్లాళ్లబట్టి చూస్తున్నాను,” అంది. “అడుగుదామంటే భయం వేసింది.”

అతడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎవరి అలవాటో అతనికి తెలుసు. వేంకటరమణమూర్తిగారిది. పెద్ద ప్లీడరు, పోయిన పుష్యమాసంలో పోయాడు. పోయినప్పటినుంచి నెలనెలా మాసికాలకు ఆ ఇంట్లో పితృస్థానంలో కూర్చుంటున్నది రామచంద్రమూర్తే. రెండో మాసికమో మూడోదో, అన్నం మధ్య గుంట చేసి నెయ్యి పోయించుకుని గుంట పూడ్చగానే వంటింటి గుమ్మంలోంచి ప్లీడరుగారి భార్య కమలాంబ చప్పుడు లేకుండా ఏడవడం అతడు స్తంభం పక్కనుంచి చూశాడు. “ఆయన అచ్చం అలాగే తినేవారు,” అందిట తరవాత కొడుకుతో. బతికుండగా ప్లీడరుగారి పంక్తిలో తను ఎప్పుడైనా కూర్చున్నాడా? కూర్చునే ఉంటాడు. ఏ పెళ్లిలోనో చూసే ఉంటాడు. చూసినట్టు జ్ఞాపకం మాత్రం లేదు.

“డాక్టరుగారికి తద్దినాల సంగతి చెప్పేరా?” అంది లక్ష్మీసుందరి.

“అదెందుకు చెప్పడం? అది నేను తిన్నది కాదుగా.”

“వారానికి ఒకటో రెండో ఇళ్లుంటాయి. గారెలు, బూరెలు, పరమాన్నం, అన్నం. మానేసినప్పటినుంచీ ఇంకా ఎక్కువ తింటున్నారుట. వంటవాళ్లు చెప్పుకుంటున్నారు.”

“తినేది వాళ్లే, సుందరీ. నీకు తెలీదూ? మా నాన్నగారు కూడా…”

“మీ నాన్నగారు ఏం చేస్తూ పోయేరండీ?”

తండ్రి ఎవరిదో సంవత్సరీకంలో, విస్తరి ముందే, ముద్ద నోట్లో ఉండగానే పక్కకి ఒరిగిపోయాడు. ఊళ్లో దాన్ని పుణ్యమైన చావని చెప్పుకున్నారు.

లక్ష్మీసుందరి చాలాసేపు ఆ కప్పెట్టిన కుప్పనే చూసింది. ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

“పోనీ తినేది వాళ్లే అనుకుందాం. మరి ఒళ్లు ఎవరికి ఎక్కుతోందండీ?”

ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు. కచేరీలో అఫిడవిట్లు రాస్తుంటే కాగితం పక్కన కూర్చుంది, వీధిలో పక్కనే నడిచింది. వాళ్లు తిని వెళ్లిపోతుంటే తిండి కూడా వాళ్లతోనే వెళ్లిపోవాలి. వెళ్లకపోతే? తిన్నవాళ్లు తిన్నచోటే ఉండిపోతే? తను లేచి నిలబడ్డ ప్రతిసారీ ఇల్లు ఖాళీ చేసి ఎవరికో ఇచ్చినట్టే, పైగా ఈ నాలుగు నెలలుగా ఆ ఇంటిని ఆకలితో మరీ ఖాళీగా ఉంచాడు. ఖాళీ ఇంట్లోకి ఎవరైనా రావచ్చు. ఒకరు కాదు, తండ్రి కాలంనుంచి ఈ తాలూకాలో ఆకలిగా ఉన్నవాళ్లంతా.

దీని వెనక ఇంకో ఆలోచన ఉంది. అది తల ఎత్తబోతే అతడు చూపు తిప్పుకునేవాడు. ఎప్పుడూ కనిపించేది దాని అంచు మాత్రమే.

వేంకటరమణమూర్తిగారి సంవత్సరీకం రోజున మంచు విడవక ముందే పిలవడానికి వచ్చాడు కొడుకు సింహాచలం. లక్ష్మీసుందరి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మాటిచ్చిన భోక్తని ఆపడం ఎంత దోషమో ఆవిడకి తెలుసు. అతడు ఉత్తరీయం సర్దుకుని పక్కనుంచి దాటుతుంటే మాత్రం చెయ్యి పట్టుకుంది. పెళ్లయ్యాక నలుగురి ఎదుటా ఆవిడ అతని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

“మీరే రండి తిరిగి,” అంది.

సింహాచలం తెల్లబోయి చూశాడు. “అదేవిటత్తయ్యా, ఇంకెవరొస్తారూ?”

ప్లీడరుగారి ఇంటికి నాలుగు మెట్లుంటాయి. రెండో దానిమీద అతని గుండెపై మోకాలు పడింది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతిదాకా చలివేసినట్టయింది. “ఏం, మావయ్యా?” అన్నాడు సింహాచలం. “ఏం లేదు. చలి,” అన్నాడు.

స్నానం, కాళ్లు కడగడం, కొత్త పంచె. రెండో భోక్తగా, విశ్వేదేవుల స్థానంలో కూర్చోడానికి అనకాపల్లినుంచి ముసలాయన ఒకరు వచ్చారు. వసారాలో రెండు పీటలు. రామచంద్రమూర్తి పితృస్థానంలో కూర్చున్నాడు. కుడివైపు స్తంభం. ఎన్నో ఏళ్లుగా జనం వీపులానించి నున్నగా అరిగిన చోటు దానికి ఒకటుంది.

వడ్డన అయింది. అరటి ఆకు మధ్య అన్నం పొగలు కక్కుతోంది. అన్నం అంత తెల్లగా ఉంటుందని మరిచిపోయాడు. నువ్వుల ఉండలు, గారెలు, పరమాన్నం, పెసరపప్పు, కంద కూర. నోట్లో నీళ్లూరాయి. ఊరినది ఎవరి నోట్లో అని తనకు తానే అడుక్కోవలసి వచ్చింది.

నెయ్యి పడింది. మంత్రాలు దూరమయ్యాయి. భుజం మీద తట్టినట్టయింది.

అతడు జరిగాడు.

స్తంభం వీపుకి చల్లగా తగిలింది. పీట మీద లావుపాటి మనిషి అన్నం కుప్ప చేసి, బొటనవేలితో గుంట తీసి, నెయ్యికోసం ఆగాడు. సింహాచలం పోశాడు. గుంట పూడింది. వేళ్లు పైనుంచి అదిమాయి. తినడం మొదలైంది. ముందు నెమ్మదిగా, తరవాత ఒక ముద్ద నోట్లో ఉండగా ఇంకో ముద్ద చేతిలో. మళ్లీ అన్నం, మళ్లీ గుంట, మళ్లీ నెయ్యి. అనకాపల్లి ముసలాయన తన భోజనం ముగించి, చెయ్యి ఆకు మీదే ఉంచుకుని ఓరగా చూస్తున్నాడు. తద్దినం పెట్టిస్తున్న శాస్త్రిగారు మంత్రం పుస్తకంలో వేలు పెట్టుకుని నిరీక్షిస్తున్నారు. వంటవాడు గిన్నె గీకుతున్న చప్పుడు వినిపించింది.

“అమ్మా, అన్నం ఇంక అట్టే లేదే,” అన్నాడు సింహాచలం లోపలికి వంగి, గుసగుసగా.

“మళ్లీ వండిస్తున్నాను. ఎసరు పెట్టేరు,” అంది కమలాంబ. ఆవిడ వంటింటి గుమ్మంలో తలుపు వారగా, ఆ మనిషి చేతినే చూస్తూ నిలబడి ఉంది. “తొందరేం ఉందిరా? నెమ్మదిగా తిననీ. నెలనెలా వచ్చేరు. ఇవాళ్టితో సరి. మళ్లీ ఏడాదిదాకా రారు.”

“అది కాదే అమ్మా, పొద్దు…”

“రెండోసారి పప్పు వెయ్యి. ఆయన రెండోసారి వేసుకునేవారు.”

వేశాడు. స్తంభం పక్కనుంచి రామచంద్రమూర్తి చూస్తున్నాడు. లావుపాటి మనిషి వీపు చెమటతో తడిసింది. చలికాలంలో వసారాలో ఆ ఒక్క వీపుమీదే చెమట. ఎడమ చెయ్యి మోకాలిమీద బిగుసుకుని ఉంది. గోళ్లు నల్లబడుతున్నాయి. ఆ మనిషికి ఏదో అవుతోంది. దూరంనుంచి వీధిలో పోయేవాణ్ని చూసినట్టు చూశాడు ఆ సంగతి. ఇంత దగ్గర్లో నిలబడి ఏ నొప్పీ లేకుండా ఉండటం ఎంత హాయి! తండ్రి కూడా ఇలాగే ఇక్కడే నిలబడి ఉంటాడు, ఆ రోజున. తన ఒళ్లు పక్కకి ఒరుగుతుంటే చూస్తూ. మరి ఆ తరవాత ఎక్కడికి వచ్చి కూర్చుని ఉంటాడు?

అప్పుడు ఎడమవైపున, స్తంభం అవతల, ఎవరో ఉన్నారని అతనికి తెలిసింది. తల తిప్పలేదు. తిప్పక్కర్లేకపోయింది. ఊపిరి చప్పుడు లేదు, నీడ లేదు. ఎప్పటినుంచో నిలబడి కాళ్లు లాగుతున్న మనిషి ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నట్టు మాత్రం ఉంది. ఆయన వెనకాల ఇంకొకరు. ఆ వెనకాల ఇంకా. వసారా పొడుగునా, చెరకుతోటల గట్టుదాకా, పక్కకి లేచి నిలబడి, తిరిగి వెళ్లడానికి చోటు లేకపోయినవాళ్లు.

అయితే తింటున్నదెవరు?

పీట మీది మనిషి ముద్ద ఎత్తుతూ ఆగాడు. తల తిప్పి స్తంభంవైపు, తిన్నగా అతనివైపే చూశాడు. రామచంద్రమూర్తి ఆ కళ్లలో ప్లీడరుగారిని వెతికాడు. లేరు. తండ్రిని వెతికాడు. లేడు. అక్కడున్నది ఆకలితో, చావుభయంతో నోరు నింపుకుంటున్న కోర్టు గుమాస్తా. నాలుగు నెలలుగా ఇంట్లో ఆకుపచ్చటి ఖాళీ చూసి చూసి, ఇక్కడికి వచ్చి దొంగచాటుగా, చనిపోయినవాళ్ల పేరు చెప్పి అన్నం తింటున్నవాడు. అతని వెనక వేరే ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు. ఇన్నాళ్లూ అంచు మాత్రమే చూపించిన ఆలోచన ఇదే.

చూసేసరికి స్తంభం చల్లదనం వీపునుంచి పోయింది.

నొప్పి అంతా ఒక్కసారి అతనిదైంది. గుండెమీద మోకాలు, చేతిలో చలి, గొంతుదాకా తిండి. నోట్లో నమిలి నమిలి రుచి తెలియని ముద్ద ఉంది. దాన్ని మింగలేదు, ఉమ్మలేదు. కాసేపు అలాగే ఉంచుకున్నాడు. నెమ్మదిగా దాని రుచి తెలిసింది. పాతబియ్యం, నెయ్యి, కొంచెం ఉప్పు తక్కువైన పప్పు. పదేళ్ల తద్దినాల్లో అతడు తిన్న మొదటి ముద్ద అది. చాలా బాగుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మింగాడు.

“మావయ్యా,” అని సింహాచలం వంగాడు. శాస్త్రిగారు అందించిన మాటనే అడిగాడు. “తృప్తి అయిందా?”

ఆ ప్రశ్నకి భోక్త అయిందని చెప్పాలి. చెప్పేదాకా పితరులు లేవరు. ఆ తరవాత చేతిలో నీళ్లు పోస్తారు, మంత్రం చెప్పి ఆ గుక్క మింగాలి. ఉత్తరాపోశన. అది దిగాక ఇంక ఆ ఆకులో మెతుకు ముట్టుకోకూడదు.

వంటింట్లోంచి కొత్తగా వార్చిన గంజి వాసన వచ్చింది. కమలాంబ స్వయంగా అన్నపు గిన్నె పట్టుకుని గుమ్మం దాటి వచ్చి నిలబడింది. ఆవిడ కొడుకుని చూడలేదు, శాస్త్రిగారిని చూడలేదు.

“ఇంకొక్క గరిటె,” అంది ఆవిడ పీట మీది మనిషితో, భర్తతో మాట్లాడే గొంతుతో. “వేడివేడిగా. ఒక్క గరిటె వేసుకుంటే ఏం పోయింది? మళ్లీ ఎప్పుడో గాని రారాయె.”

ఆకులో అన్నం ఇంకా ఉంది. దాని మధ్య బొటనవేలు తీసిన గుంట ఉంది. గుంటలో నెయ్యి పేరుకోవడం మొదలైంది. అతని వేళ్లు ఆ గుంట అంచుమీదే ఉన్నాయి. నాలుగు వైపులనుంచీ లాగి కప్పెట్టడానికి అవి తమంతట తాము వంగుతున్నాయి. అతడు వాటిని చూశాడు. బొటనవేలి పక్కన కలం పట్టి పట్టి కాసిన కాయ. గోటికింద సిరా మరక. ఏ ప్లీడరుదీ కాదు ఆ చెయ్యి.

కుడివైపు స్తంభంవైపు చూడాలనిపించింది. అక్కడ ఎవరైనా ఇంకా నిలబడి ఉన్నారేమో. చూడలేదు.

“తృప్తి అయింది,” అన్నాడు. గొంతు బొంగురుగా, తనదిగా వినిపించింది.

కమలాంబ చేతిలో గరిటె గిన్నె అంచుకి తగిలి టంగుమంది. ఆవిడ అతని ముఖంలోకి చాలాసేపు, అక్కడ ఉండవలసిన మనిషికోసం చూసింది.

రామచంద్రమూర్తి ఆ చూపు పడనిచ్చాడు. గుంట పూడ్చకుండా, నెయ్యి అలా తెరిచే ఉంచి, చెయ్యి ఆకులోంచి పైకి తీశాడు. అరచెయ్యి దొప్పలా ముడిచి, నీళ్లకోసం సింహాచలంవైపు చాపాడు.